కాసింత జరుగు బాబూ!

యారాడ బస్సులో ఇద్దరి సీటులో ముగ్గురు కూర్చున్నా కబుర్లు చెప్పుకుంటూ దిగుతారు. విమానంలో ఎవరి సీటు వాళ్లకున్నా ముఖాలు ముడుచుకుని దిగుతారు. ఇరుకు ఎక్కడైనా ఇరుకే. మరి తేడా ఎక్కడుంది?

ఆదివారం పొద్దున్న. సింధియా దాటిన బస్సు మెల్లగా కొండెక్కుతోంది. లోపల కాలు పెట్టడానికి చోటు లేదు. బజారు నుంచి తిరిగొస్తున్న ఊరివాళ్లు, బీచికి బయల్దేరిన కాలేజీ కుర్రాళ్లు, టిఫిను క్యారియర్లతో రెండు కుటుంబాలు. ఇద్దరి సీటులో అప్పటికే ఇద్దరున్నారు. ‘ఓలప్పా, కాసింత జరుగు. గుంటడిని కూకోబెట్టనీ’ అంటుంది నిలబడ్డావిడ. అడగడమే ఆలస్యం... పిల్లాడు ఆ అప్ప ఒళ్లోకి చేరిపోతాడు. వాళ్లమ్మ చేతిసంచి ఇంకెవరి కాళ్ల దగ్గరికో వెళ్లిపోతుంది. కూర్చున్నవాళ్లు నిలబడ్డవాళ్ల బరువు మోయాలన్నది అక్కడ ఎవరూ రాయని రూలు.

కొండ మీద మలుపు తిరగ్గానే ఒక్కసారిగా సముద్రం! నీలంగా, అడ్డూ ఆపూ లేకుండా. బస్సులో సగం తలలు అటు తిరుగుతాయి. అప్పుడు జరుగుతుంది ఓ చిన్న విశేషం. కిటికీ పక్కనున్న మనిషి, ఎవరూ చెప్పకుండానే, వీపు వెనక్కి ఆనించి కూర్చుంటాడు. అవతలి వరసలో ఉన్నవాళ్లకీ కనిపించాలి కదా!

యారాడ అంటే విశాఖ నగరానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో, మూడు వైపులా కొండలు, నాలుగో వైపు బంగాళాఖాతం ఉన్న ఊరు. సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చిన డాల్ఫిన్స్ నోస్ కొండకు ఇవతల ఓడరేవు, నౌకాదళం, ఓడల కర్మాగారం, నగరం రొద. అవతల ఇసుక, కొబ్బరిచెట్లు, కెరటాల హోరు. ఈతకు మాత్రం ఆ సముద్రాన్ని నమ్మకూడదు. లోపలికి లాగేసే ఒరవడి ఎక్కువ. ఒడ్డున నడిచినంతసేపు నడిచి, సాయంత్రానికి మళ్లీ అదే బస్సులో, మళ్లీ అలాగే ఒకరినొకరు సర్దుకుంటూ వెనక్కి రావాలి.

కొండ మలుపులో నిలబడి తలెత్తితే నగరం మీదుగా దిగుతున్న విమానం కనిపించొచ్చు. అందులోనూ జనం ఇలాగే భుజం భుజం రాసుకుని కూర్చుని ఉంటారు. వాళ్లకూ ఆ కొండను, ఈ సముద్రాన్ని చూడాలనే ఉంటుంది. కానీ అక్కడ ‘కాసింత జరుగు’ అన్న మాట వినిపించడం అరుదు. మోచెయ్యి మాట్లాడుతుంది. మోకాలు మాట్లాడుతుంది. నోరు మాత్రం మాట్లాడదు.

పద్దెనిమిది అంగుళాల రాజ్యం

యారాడ నుంచి హైదరాబాద్‌లోని కూతురింటికి వెళ్లి, మొదటిసారి విమానంలో తిరిగొస్తున్న ఓ పెద్దావిడను ఊహించుకోండి. ఆవిడ సీటు 14బి. అంటే మూడు సీట్ల వరసలో మధ్యది. భర్తకు ఎక్కడో 21వ వరసలో వచ్చింది. బస్సయితే పక్కవాళ్లను అడిగి ఇద్దరూ ఒకచోట చేరేవారే. ఇక్కడ ఎవరిని అడగాలో, అసలు అడగొచ్చో లేదో తెలియదు. నోరు మూసుకుని వెళ్లి మధ్యలో ఇమిడిపోతుంది.

ఆవిడకు దక్కిన చోటు ఎంత? మన దేశంలో ఎక్కువగా తిరిగే ఎయిర్‌బస్ ఎ320 లాంటి విమానంలో సీటు వెడల్పు దాదాపు 18 అంగుళాలు. బోయింగ్ 737లో మరో అంగుళం తక్కువ. ముందు సీటుకూ వెనక సీటుకూ మధ్య దూరాన్ని ‘పిచ్’ అంటారు. ఒక సీటు మీద ఏదో ఒక బిందువు నుంచి ముందు సీటులో అదే బిందువు దాకా ఉన్న కొలత అన్నమాట. చవక విమానాల్లో అది 28 నుంచి 30 అంగుళాలు. అందులోంచి సీటు మందం తీసేస్తే మోకాళ్లకు మిగిలేది ఎంతో లెక్కేసుకోండి. కొన్ని దశాబ్దాల కిందట ఇదే కొలత సాధారణ తరగతిలోనూ 32 నుంచి 35 అంగుళాల దాకా ఉండేది.

మరి ఆ అంగుళాలన్నీ ఎక్కడికి పోయాయి? టికెట్ ధరలోకి పోయాయి. రెండు తరగతులుగా అమరిస్తే ఎ320లో సుమారు 150 సీట్లు పడతాయి. అన్నీ సాధారణ సీట్లే వేస్తే 180, 186 కూడా పట్టించొచ్చు. అదే ఇంధనం, అదే పైలట్లు, ముప్పై ముప్పైఆరు టికెట్లు ఎక్కువ. 2003లో ఎయిర్ డెక్కన్‌తో మన దేశంలో చవక విమానాల కాలం మొదలైంది. 2017 ఏప్రిల్ 27న ‘ఉడాన్’ పథకం కింద మొదలైన తొలి సర్వీసుల్లో కడప - హైదరాబాద్ ఒకటి. అంతకుముందు విమానాన్ని ఆకాశంలో చూడ్డమే తప్ప ఎక్కని ఇళ్లనుంచి అమ్మలూ నాన్నలూ బయల్దేరారు. ఇరుకు సీటును తిట్టుకునే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆ ఇరుకే లేకపోతే 14బిలో ఆ పెద్దావిడ ఉండేది కాదేమో.

ఇరుకు ఎంతవరకు భరించొచ్చన్న చర్చా ఉంది. విమానానికి అనుమతివ్వాలంటే సగం ద్వారాలు మాత్రమే వాడుకుని 90 సెకన్లలో అందరినీ బయటికి పంపగలమని నిరూపించాలి. సీట్లు ఇంకా దగ్గరైతే అది సాధ్యమా అని అమెరికాలో ప్రయాణికుల సంఘం ఒకటి కోర్టుకెక్కింది. 2017లో తీర్పు రాసిన జడ్జి ప్యాట్రీషియా మిలెట్ దానికి ‘నమ్మశక్యం కాని రీతిలో కుంచించుకుపోతున్న విమాన సీటు కేసు’ అని పేరు పెట్టారు. ఆ మరుసటేడు అక్కడి చట్టసభ సీటుకు కనీస కొలతలు నిర్ణయించమని ఆదేశించింది. 2022లో జనాభిప్రాయం అడిగితే వేల మంది తమ గోడు రాసి పంపారు. కొలతలు తేలేలోపు పక్కవాడితో ఎలా సర్దుకోవాలన్నది మాత్రం మనమే తేల్చుకోవాలి.

మధ్య సీటుకు రెండు చేతులు

మొదటి గొడవ చేతిపిడి దగ్గరే. మూడు సీట్లకు నాలుగు పిడులు. కిటికీ దగ్గరున్న మనిషికి ఆనుకోవడానికి గోడ ఉంది, బయటికి చూడ్డానికి లోకం ఉంది. నడవ పక్కనున్నవారికి కాలు చాపుకునే వీలుంది, ఎప్పుడంటే అప్పుడు లేవొచ్చు. మధ్యలో ఉన్నవారికి ఏముంది? అందుకే లోపలి రెండు పిడులూ మధ్య సీటువారివే అన్నది విమానయానం తెలిసినవాళ్లు చాలామంది ఒప్పుకునే మర్యాద. ఇది ఏ చట్టంలోనూ లేదు. అడిగి తీసుకునేదీ కాదు, ఇవ్వాల్సింది.

ఆ మధ్య సీటుకు కూడా ఓ మంచికాలం వచ్చింది. కొవిడ్ లాక్‌డౌన్ తర్వాత 2020 మే 25న దేశంలో విమానాలు మళ్లీ మొదలయ్యాయి. వీలైనంతవరకు మధ్య సీటు ఖాళీగా ఉంచమని జూన్ 1న పౌరవిమానయాన డైరెక్టరేట్... అదే డీజీసీఏ... చెప్పింది. ఉంచలేకపోతే అక్కడ కూర్చునేవారికి మాస్కు, ముఖానికి షీల్డుతో పాటు ఒంటికి చుట్టుకునే గౌను కూడా ఇవ్వాలంది. పక్కవాడి మోచెయ్యి తగలని ప్రయాణం ఎంత హాయో, పక్కన మనిషే లేని ప్రయాణం ఎంత వెలితో రెండూ ఒకేసారి తెలిసొచ్చిన రోజులవి.

మన పెద్దావిడ మాత్రం చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కిటికీ పక్కన ఓ కుర్రాడు చెవుల్లో ఇయర్‌ఫోన్లతో ఉన్నాడు. నడవ పక్కనాయన ల్యాప్‌టాప్ తెరిచాడు. రెండు పిడులూ వాళ్లవైపోయాయి. వాళ్లేం దుర్మార్గులు కారు. ఆవిడ అడగలేదు, వాళ్లు చూడలేదు. విమానంలో జరిగే అమర్యాదల్లో సగం ఇలాంటివే.

వాలాలా... వద్దా?

రెండో గొడవ వీపుది. బటన్ నొక్కి సీటు వెనక్కి వాల్చే హక్కు ముందువాడిదా? మోకాళ్లు కాపాడుకునే హక్కు వెనకవాడిదా? ఈ తగవు ఎంతదాకా వెళ్లిందంటే, ముందు సీటు వాలకుండా ట్రే బల్లకు బిగించే చిన్న ప్లాస్టిక్ బిళ్లల్ని ‘నీ డిఫెండర్’ పేరుతో 2003లో అమెరికాలో అమ్మకానికి పెట్టారు. మోకాలి రక్షకుడన్నమాట! 2014 ఆగస్టులో నెవార్క్ నుంచి డెన్వర్ వెళ్తున్న ఓ విమానంలో ఒకాయన వాటిని బిగించాడు. ముందున్నావిడ సీటు వాలలేదు. మాటా మాటా పెరిగింది. చివరికి ఆవిడ ఆయన మీద నీళ్లు కుమ్మరించింది. పైలట్ విమానాన్ని షికాగోలో దించి, ఇద్దర్నీ దిగిపొమ్మన్నాడు. నాలుగంగుళాల కోసం విమానం నిండా ఉన్న జనం ప్రయాణం ఆగిపోయింది.

ఐరోపాలో చవక విమానాలకు పేరుపడ్డ రయానెయిర్ ఈ తగవును వేరేలా తెగ్గొట్టింది. సీట్లు అసలు వాలకుండానే బిగించేసింది. మన దగ్గరా కొన్ని విమానాల్లో సీట్లు వాలవు. వాలే సీట్లున్నచోట పాటించాల్సింది చాలా చిన్న విషయం. వెనక్కి తిరిగి చూడాలి. వెనకనున్నవారు ఏమైనా తింటున్నారా, ఒళ్లో పసిబిడ్డ ఉందా, ల్యాప్‌టాప్ తెరిచి ఉందా? ‘కొంచెం వాల్చుకోనా అండీ?’ అని ఒక్క మాట అడిగి, ఒక్కసారిగా కాకుండా మెల్లగా వాల్చాలి. భోజనం వేళ నిటారుగా పెట్టేయాలి. విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు నిటారుగా ఉంచడం ఎలాగూ నిబంధనే. 2020లో సీటు వాల్చడంపై అమెరికాలో పెద్ద రచ్చ జరిగినప్పుడు డెల్టా విమాన సంస్థ అధిపతి ఎడ్ బాస్టియన్ అన్నదీ ఇదే. వాల్చే హక్కు ఉంది, కానీ ముందు అడగడం మర్యాద అని.

గంటంబావు హైదరాబాద్ - విశాఖ ప్రయాణంలో వాల్చకపోతే పోయేదేమీ లేదు. అమెరికా నుంచి పదిహేను గంటలు కూర్చుని వచ్చేవారికి వాల్చక తప్పదు. మర్యాద కూడా దూరాన్ని బట్టి మారుతుంది.

అమ్మ ఒకచోట... బిడ్డ ఒకచోట

15వ వరసలో మరో గొడవ. ఓ తల్లి తన ఆరేళ్ల కొడుకును పక్కనే కూర్చోబెట్టుకోవాలంటుంది. అక్కడున్నాయన ‘నేను డబ్బు కట్టి ఎంచుకున్న సీటిది’ అంటాడు. ఇద్దరి మాటా నిజమే. సీటు ఎంచుకోవడానికి విడిగా రుసుము వచ్చాక కుటుంబాలు చెల్లాచెదురవడం మామూలైంది. దీన్ని గమనించే 2024 ఏప్రిల్‌లో డీజీసీఏ ఓ ఆదేశం ఇచ్చింది. పన్నెండేళ్లలోపు పిల్లలకు, అదే పీఎన్ఆర్ మీద ప్రయాణిస్తున్న తల్లిదండ్రుల్లో లేదా సంరక్షకుల్లో కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాలి. కాబట్టి పిల్లలతో వెళ్లేవాళ్లు అందరికీ ఒకే పీఎన్ఆర్ మీద టికెట్లు తీసుకోవాలి. చెకిన్ దగ్గరే అడగాలి. విమానం ఎక్కాక పక్కవాళ్లను బతిమాలుకోవాల్సిన పని ఉండదు.

ఆ పైనా అడగాల్సి వస్తే దానికీ ఓ పద్ధతుంది. ముందే వెళ్లి వాళ్ల సీటులో కూర్చుని ‘మీరు అక్కడికి వెళ్లండి’ అనడం అడగడం కాదు, ఆక్రమించడం. తన దగ్గరున్న మధ్య సీటిచ్చి ఎదుటివారి కిటికీ సీటు కోరడం బేరం కాదు, దోపిడీ. నిలబడి అడగాలి. అంతే మంచిదో, అంతకన్నా మంచిదో ఇవ్వజూపాలి. కాదంటే నవ్వి ఊరుకోవాలి. కాదనే హక్కు ఎదుటివారికి ఉందని తెలిసి అడిగితేనే అది మర్యాద.

మిగిలిన మర్యాదలన్నీ ఇంట్లో అమ్మ చెప్పేవే. పిల్లల కాళ్లు ముందు సీటును తన్నకుండా చూసుకోవాలి. ఫోనులో వీడియో మోగించకూడదు. చెప్పులిప్పి ముందు పిడి మీద కాళ్లు పెట్టకూడదు. మాగాయ, గోంగూర జాడీలు చెకిన్ సామానులోకి వెళ్లాలి. మనకు నోరూరించే వాసన మూసి ఉన్న గదిలో పక్కవారికి కడుపులో తిప్పొచ్చు. లేవాలనుకుంటే ముందు సీటు వీపు పట్టుకుని గుంజకుండా తన సీటు పిడి ఊతంగా లేవాలి. తలపైన అరలో ఒక సంచి పెట్టుకుని, రెండోది కాళ్ల దగ్గర సర్దుకుంటే వెనకొచ్చేవారికీ చోటు మిగులుతుంది.

ఇవేవీ పాటించకపోతే ఎవరూ జైల్లో పెట్టరు. కానీ కోపం హద్దు దాటితే రూళ్లున్నాయి. 2017లో డీజీసీఏ గొడవలను మూడు రకాలుగా విడదీసింది. నోటి దురుసుకు మూడు నెలల దాకా, చేయి చేసుకుంటే ఆరు నెలల దాకా, ప్రాణాల మీదికి తెస్తే కనీసం రెండేళ్లు విమానం ఎక్కకుండా నిషేధించొచ్చు.

బస్సు మరీ అంత గొప్పదా?

ఇలా చెబితే యారాడ బస్సులో అందరూ దేవుళ్లే అనిపిస్తుంది. అదేం కాదు. కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపడం, దాని మీద పంచాయతీ పెట్టడం, టికెట్ కొన్న మొనగాణ్ణి నేనే అన్నట్టు కాళ్లు బార్లా చాపడం... ఇవన్నీ మన బస్సుల్లో పుట్టినవే. ఊరి బస్సులో సర్దుబాటు సులువవడానికి ఇంకో కారణమూ ఉంది. సగంమంది ఎరిగినవాళ్లే. ఈరోజు జరగనన్న అప్ప రేపు కుళాయి దగ్గర కనబడుతుంది. విమానంలో పక్కవాడు మళ్లీ జన్మలో కనబడడు. అందుకే అక్కడ మర్యాద కష్టం. అందుకే అది అసలైన మర్యాద కూడా.

ఒక్క తేడా మాత్రం నిజం. బస్సులో గొడవైనా, సర్దుబాటైనా నోటితో జరుగుతుంది. అడిగితే తప్పేమిటనుకుంటారు. విమానంలో అడగడమే నామోషీ అనుకుంటారు. మోచేత్తో నెట్టడం, మోకాలితో తన్నడం, నిట్టూర్చడం మాత్రం నామోషీ కాదు!

వంతు కోసం ఆగిన ఓడలు

విమానం చక్రాలు నేలకు తాకీ తాకకముందే టకటకా బెల్టులు విప్పుకోవడం, నడవలో మెడలు వంచుకుని నిలబడటం అందరికీ తెలిసిన దృశ్యమే. తలుపు తెరవడానికి ఇంకా పది నిమిషాలు పట్టినా సరే. ముందు వరస కదలనిదే వెనక వరస కదలదు. ఈలోపు పైనుంచి లాగిన సంచి ఎవరి నెత్తినో పడుతుంది.

యారాడ కొండ మీంచి చూస్తే దీనికో జవాబు కనిపిస్తుంది. దూరంగా సముద్రంలో లంగరేసి ఆగిన ఓడలు. రేవు లోపలికి వెళ్లే కాలువ డాల్ఫిన్స్ నోస్ పాదాల దగ్గర ఇరుకుగా ఉంటుంది. 1933లో రేవు తెరిచినప్పటి నుంచీ అదే దారి. ఎంత పెద్ద ఓడైనా, ఎంత విలువైన సరుకున్నా, పిలుపు వచ్చేదాకా బయట ఆగాలి. రేవు పైలట్ ఎక్కి, టగ్గులు తోడొచ్చి, ఒక్కొక్కటిగా లోపలికి తీసుకెళ్తారు. ఇరుకు దారిలో వేగంగా పోవాలంటే ఉన్న మార్గం ఒకటే... వంతు పాటించడం. కొవిడ్ రోజుల్లో వరసలవారీగా పిలిచి దించినప్పుడు విమాన ప్రయాణికులకూ ఇది అలవాటైనట్టే అనిపించింది. తర్వాత మళ్లీ మామూలే.

కిటికీ ఒకరిది... కొండ అందరిది

ఇప్పుడు 14బికి వద్దాం. విశాఖ దగ్గర పడింది. దశాబ్దాలపాటు విశాఖ ప్రయాణికులు దిగింది నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగా రన్‌వే మీదే. సైనిక స్థావరం కాబట్టి అక్కడ ఫొటోలు తీయకూడదు. కళ్లతోనే చూసుకోవాలి. గాలివాటాన్ని బట్టి విమానం సముద్రం మీదికి వెళ్లి తిరిగొచ్చి దిగితే, ఎడమ కిటికీలో డాల్ఫిన్స్ నోస్, దాని పక్కన ఓడరేవు కనిపిస్తాయి. ఆ కొండకు ఆవలి ఒడిలోనే యారాడ. 2023 మేలో శంకుస్థాపన జరిగిన భోగాపురం విమానాశ్రయం నగరానికి దూరంగా ఉత్తరాన ఉంది. అక్కడ దిగే విమానాల్లో ఈ కొండ ఇంత దగ్గరగా దొరకదు.

మన పెద్దావిడ మెడ కొంచెం చాపింది. కుర్రాడి తల అడ్డం. మళ్లీ వెనక్కి వాలింది. పుట్టిన దగ్గర్నుంచి కింద నిలబడి చూసిన కొండను పైనుంచి చూసే అవకాశం ఇంకో నిమిషమో, రెండు నిమిషాలో. ఆ తర్వాత లేదు. ప్రయాణమంతా విప్పని నోరు అప్పుడు విప్పింది.

‘బాబూ, కాసింత జరుగుతావా? మా ఊరు కనిపిస్తాదేమో.’

కుర్రాడు ఇయర్‌ఫోన్ తీశాడు. ‘ఏంటి మామ్మగారూ?’ అన్నాడు. మళ్లీ చెప్పింది. అతను వీపు సీటుకు ఆనించి, కాళ్లు లోపలికి లాక్కుని, కిటికీ మొత్తం ఖాళీ చేశాడు. నడవ పక్కనాయన కూడా ల్యాప్‌టాప్ మూసి అటు తొంగిచూశాడు. కొండ, దీపస్తంభం, తెల్లటి నురగ గీత. ‘అదిగో... అటేపే మా యారాడ’ అంది. మూడు సీట్లూ అప్పుడే పద్దెనిమిది అంగుళాల కంటే కాస్త వెడల్పయ్యాయి.

అంగుళాలు పెంచడం విమాన సంస్థల చేతిలో ఉంది. చోటు పెంచడం మాత్రం పక్కపక్కన కూర్చున్నవాళ్ల చేతిలోనే ఉంది. దానికి టికెట్టుతో పాటు ఇంకొకటి కావాలి. యారాడ బస్సులో పిల్లలకు కూడా వచ్చిన ఒక్క మాట!